అమరావతి రాయి ఎక్కడ ఉండాలి?

లండన్ బ్రిటిష్ మ్యూజియం, 33ఎ గది. అద్దాల వెనక అమరావతి స్తూపం శిల్పాలు. తెనాలి నుంచి వచ్చిన బాబాయ్, లండన్‌లోనే ఉద్యోగం చేస్తున్న అమ్మాయి.

అమ్మాయి: గ్రీకు శిల్పాల దగ్గర ఐదు నిమిషాలు కూడా నిలబడలేదు. ఇక్కడికొచ్చి గంటైంది బాబాయ్.

బాబాయ్: ఇది మన పల్నాడు రాయి తల్లీ. ఆ పలక చూడు. ఖాళీ సింహాసనం, పైన బోధివృక్షం, చుట్టూ దండం పెట్టేవాళ్లు. బుద్ధుడు మాత్రం లేడు. అప్పటికింకా ఆయన్ని మనిషి రూపంలో చెక్కేవాళ్లు కాదు. కొన్ని వందల ఏళ్ల తర్వాత అదే రాయిని తిప్పి, రెండో వైపు స్తూపం చెక్కారు. అలాంటి పలకల వల్లే స్తూపం ఎలా ఉండేదో తెలిసింది. కృష్ణ ఒడ్డున ఇప్పుడు మిగిలింది దిబ్బే.

అమ్మాయి: దిబ్బ చేసింది తెల్లవాళ్లా? జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు అమరావతిలో ఊరు కట్టించేటప్పుడు రాళ్లు తవ్వుకుపోయింది మనవాళ్లే. కాల్చి సున్నం చేసిందీ మనవాళ్లే. మెకంజీ అనే సర్వేయర్ దొర బొమ్మలు గీయించబట్టి ఆ మాత్రమైనా తెలిసింది. ఇక్కడికి రాకపోతే ఇవి మన ముత్తాతల గోడలకు వెల్లగా ఉండేవి.

బాబాయ్: కాదనను, ఆ తప్పు మనదే. కానీ వీళ్లు భద్రంగా చూశారంటే మాత్రం ఒప్పుకోను. 1845లో ఎలియట్ అనే ఇంగ్లీషు అధికారి తవ్వించి మద్రాసు పంపాడు. అక్కడ ఎండకూ వానకూ పడి ఉన్నాయి. 1859లో లండన్ ఓడ ఎక్కించారు. ఇక్కడేం చేశారు? 1867లో చరిత్రకారుడు ఫెర్గూసన్ కంటపడేసరికి ఫైఫ్ హౌస్ అనే భవనం బండ్లశాలలో ఉన్నాయి! 1880లో ఈ మ్యూజియంలోకి వచ్చాయి. ఆ తర్వాత కూడా దశాబ్దాలపాటు సెల్లార్‌లో మగ్గాయి. ఈ అద్దాల గది 1992లో వచ్చింది. తవ్వి తీసిన దాదాపు 150 ఏళ్లకు!

అమ్మాయి: ఇప్పుడు బాగున్నాయిగా. టికెట్ కూడా లేదు, ఎవరైనా చూడొచ్చు.

బాబాయ్: ఎవరైనానా? అమరావతి రైతు వచ్చి చూడగలడా? వీసా, విమానం ఖర్చు ఎవరు పెడతారు?

అమ్మాయి: నీకు పెట్టింది నేనే. అప్పుడే దెప్పుతున్నావా?

బాబాయ్: దెప్పడం కాదమ్మా. ఆ ఖర్చు చూసే మీ పిన్ని రానంది.

అమ్మాయి: పిన్ని రానంది విమానమంటే భయమేసి. నాతోనే చెప్పింది.

బాబాయ్: నాతో అలా చెప్పలేదే!

అమ్మాయి: సరే, అది వదిలెయ్. చందవరం సంగతి చెప్పు. అక్కడ తవ్వకాల దగ్గరున్న మన మ్యూజియంలోంచే బౌద్ధశిల్పం దొంగలెత్తుకుపోతే ఆస్ట్రేలియాలో తేలింది. కాపలా పెట్టుకోలేనివాళ్లం ఏ మొహంతో వీటిని తిరిగి ఇమ్మని అడుగుతాం?

బాబాయ్: (కాసేపు ఆగి) అది నిజమే. తలచుకుంటే సిగ్గుగానే ఉంటుంది. కానీ ఆస్ట్రేలియా 2016లో తిరిగి ఇచ్చేసింది కదా! కాపలా సరిగ్గా లేదని అట్టిపెట్టుకోలేదు.

అమ్మాయి: అది దొంగసొత్తు. ఇది వేరు. పైగా 1963 బ్రిటిష్ మ్యూజియం చట్టం ప్రకారం వీళ్లు ఇవ్వాలనుకున్నా ఇవ్వలేరు.

బాబాయ్: ఆ చట్టం చేసింది వీళ్ల పార్లమెంటే. మార్చాల్సిందీ అదే. మన ప్రభుత్వాన్ని గట్టి తాళాలున్న మ్యూజియం కట్టమని అడుగుతా, వీళ్లని రాళ్లు ఇమ్మని అడుగుతా. రెండూ అడుగుతా.

అమ్మాయి: ముందు తాళం బాబాయ్.

బాబాయ్: తాళం వచ్చేదాకా నోరు మూసుకోమంటే మాత్రం కుదరదు. నువ్వెళ్లి ఆ బెంచీ మీద కూర్చో. ఆ చివరి పలక ఇంకా చూడలేదు.