తారునేల శీలానికి భంగం

అమెరికాలోని ఒక శివారు పట్టణంలో, మూతపడిన షాపింగ్ మాల్‌ను కూల్చివేసి, దాని చుట్టూ పరుచుకున్న పార్కింగ్ స్థలంలో వీధులు వేసి, కింద దుకాణాలూ పైన ఇళ్ళూ కట్టనివ్వాలా వద్దా అన్న విషయం మీద జరిగిన ప్రజాభిప్రాయ సేకరణ సభ వీడియోను నేను మొదటి నుంచి చివరి దాకా చూశాను. నాలుగు గంటలకు పైగా సాగింది. చూడమని నన్నెవరూ బలవంతపెట్టలేదు కనుక ఆ తప్పు నాదే. మైకు ముందుకు వచ్చిన ప్రతివారికీ మూడేసి నిమిషాలు ఇచ్చారు. వచ్చినవారిలో దాదాపు అందరూ ఆ మూడు నిమిషాల్లో ఒక్కసారైనా "ఈ ప్రాంతపు క్యారెక్టర్ దెబ్బతింటుంది" అన్నారు. ఇరవై ఆరు దాకా లెక్కపెట్టి వదిలేశాను.

క్యారెక్టర్ అన్న మాటకు ఇంగ్లీషులో ఎన్ని అర్థాలున్నా, తెలుగువాడి నోట్లో పడ్డాక దానికి మిగిలేది ఒక్కటే అర్థం: శీలం. ఫలానా వాడి క్యారెక్టర్ మంచిది కాదంటే వాడి ఎత్తూ రంగూ బాగాలేవని మనలో ఎవరూ అనుకోరు. అందుచేత ఈ ఫిర్యాదును నేను ఆ అర్థంలోనే, తగిన గాంభీర్యంతో స్వీకరిస్తున్నాను. ఒక పార్కింగ్ స్థలపు శీలం ప్రమాదంలో పడింది. పెద్దమనుషులు నలుగురూ కూడి దాన్ని కాపాడవలసిన ఘడియ వచ్చింది.

ముందు ఆ శీలవతి దర్శనం చేసుకుందాం. కనుచూపు మేర తారు. పసుపు గీతలు వెలిసిపోయి, ఒకప్పుడు ఇక్కడ కార్లు బుద్ధిగా నిలబడేవన్న జ్ఞాపకంగా మాత్రమే మిగిలాయి. పగుళ్ళలోంచి గడ్డి మోకాలెత్తు లేచింది. ఒక మూల, చక్రం ఊడిన షాపింగ్ బండి ఒకటి పక్కకు ఒరిగి, ఎండుటాకులు నింపుకుని కూర్చుంది. మాల్ గోడ మీది పేరు అక్షరాలను ఏనాడో పీకేశారు. కానీ అక్షరాల వెనక ఎండ తగలని చోటు ముదురు రంగులో అలాగే ఉండిపోయి, లేని దుకాణం పేరును వచ్చేపోయే వారి చేత ఇప్పటికీ చదివిస్తోంది. చీకటి పడితే దీపస్తంభాలు వెలుగుతాయి. ఒక్క కారు కూడా లేని ఆ గీతల మీద తెల్లవార్లూ వెలుగు కుమ్మరిస్తాయి. ఇంతటి నిష్ఠ గల స్థలం మీద నాలుగంతస్తుల భవనం కడతామనడం ఎంత సాహసమో పాఠకులు గ్రహించే ఉంటారు.

సభలో మొదట మాట్లాడిన పెద్దావిడ నీడ గురించి ఆందోళన చెందారు. నాలుగంతస్తుల భవనం నీడ సాయంత్రం వేళ చాలా దూరం పడుతుందని ఆవిడ చేత్తో గీసుకొచ్చిన పటం చూపించారు. నీడ దేని మీద పడుతుందని పురపాలక మండలి సభ్యుడొకరు అడిగితే, పటాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి, "పార్కింగ్ మీద" అన్నారు. తరవాత వచ్చిన ఆయన, అక్కడ ఇళ్ళు కడితే ఎవరూ అద్దెకు రారనీ, ఆ భవనాలు దయ్యాల కొంపలవుతాయనీ మొదటి నిమిషంలో హెచ్చరించి, జనం తండోపతండాలుగా వచ్చిపడితే బడులు చాలవనీ రోడ్లు చాలవనీ రెండో నిమిషంలో హెచ్చరించి, రెంటినీ కలిపి సానుకూలంగా ఆలోచించమని మూడో నిమిషంలో కోరారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక తండ్రి తన ఇద్దరు పిల్లలూ ఆ పార్కింగ్ స్థలంలోనే సైకిల్ నేర్చుకున్నారని గద్గద స్వరంతో చెప్పాడు. ఇంటి ముందు వీధిలో ఎందుకు నేర్పలేదని అడిగిన పాపాత్ముడు ఒక్కడూ లేకపోయాడు. మాల్ నిండుగా నడిచిన రోజుల్లో వచ్చినన్ని కార్లు ఈ కొత్త ఇళ్ళకు రావని ట్రాఫిక్ ఇంజినీరు అంకెలతో చెప్పబోతే, వెనక వరుసలోంచి ఒకాయన లేచి, "ఆ రోజులు వేరు, ఇప్పుడు రోడ్డు ఖాళీగా ఉంది, మాకు ఇదే అలవాటైంది" అన్నాడు. నాలుగు గంటల్లో నేను విన్న ఒకే ఒక్క నిజాయితీ గల మాట అదే.

పోనీ, ఆ శీలానికి వంశగౌరవం ఏమైనా ఉందా అంటే, కన్నతండ్రే దాన్ని కాదన్నాడు. నాజీల ధాటికి వియన్నా విడిచి అమెరికా చేరిన వాస్తుశిల్పి విక్టర్ గ్రూయెన్, 1956లో మినెసోటా రాష్ట్రంలోని ఇడైనాలో సౌత్‌డేల్ సెంటర్‌ను కట్టాడు. పూర్తిగా కప్పు వేసి, లోపల శీతోష్ణాలను అదుపులో ఉంచిన తొలి షాపింగ్ మాల్ అది. ఆయన అనుకున్నది ఒక్క మాల్ కాదు. 463 ఎకరాల్లో ఇళ్ళు, బడులు, వైద్యశాలలు, ఉద్యానవనం, చెరువు, వాటి నడుమ జనం కాలినడకన వచ్చి కలుసుకునే చోటుగా ఈ అంగడి ఉండాలని ఆయన కోరిక. పెట్టుబడి పెట్టినవారు అందులో లాభం వచ్చే ముక్కను మాత్రం ఉంచుకుని, తక్కిన చోట తారు పోశారు. అదే నమూనా దేశమంతా పాకింది. గ్రూయెన్ చివరికి వియన్నాకు తిరిగి వెళ్ళిపోయి, 1978లో లండన్‌లో మాట్లాడుతూ, ఈ అక్రమ సంతానానికి తాను భరణం చెల్లించేది లేదని తెగేసి చెప్పాడు. ఇప్పుడు నడవగలిగే పేట అని కొత్తగా పేరు పెట్టి కడతామంటున్నది ఆయన మొదటి కాగితం మీద గీసినదానికి దగ్గరి చుట్టమే. డెబ్భై ఏళ్ళు ఆలస్యంగా వచ్చినందుకు దాన్ని విప్లవం అంటున్నారు. కింద దుకాణం, పైన ఇల్లు ఉంటే దానికి మిశ్రమ వినియోగమని పేరట. కొన్ని వేల ఏళ్ళుగా మనుషులు దాన్ని బజారు వీధి అంటూ వచ్చారు, పాపం వాళ్ళకు ఇంత పెద్ద మాట తెలియక.

శీలరక్షణకు చట్టం అండ కూడా గట్టిదే. ఒహాయోలోని యూక్లిడ్ అనే గ్రామం తన భూమిని వాడకాన్ని బట్టి, ఇళ్ళకొకటి దుకాణాలకొకటి అన్నట్టు, మండలాలుగా విడగొట్టుకోవడం సబబేనని అమెరికా సుప్రీంకోర్టు 1926లో తీర్పు చెప్పింది. ఆ తీర్పులో న్యాయమూర్తి సదర్లాండ్, విడి ఇళ్ళ మధ్య లేచే అపార్ట్‌మెంటు భవనాన్ని పరాన్నజీవి అన్నాడు. నూరేళ్ళయినా ఆ మాట వాడి తగ్గలేదు. సభలో దాన్ని ఎవరూ పైకి అనలేదు గానీ, "అద్దెకుండేవాళ్ళు" అన్న మాటను పలికిన తీరులో అది స్పష్టంగా వినిపించింది.

ఇక పార్కింగ్ శాస్త్రం ఉంది. వెయ్యి చదరపు అడుగుల దుకాణానికి నాలుగైదు కార్లు నిలిపే చోటు చూపాలని చాలా ఊళ్ళ నిబంధన. కారు తిరిగే దారితో కలుపుకుంటే ఒక్కో కారుకు సుమారు 300 చదరపు అడుగులు పోతాయి. అంటే దుకాణం కన్నా దాని ముందు కార్లకు వేసిన పీట పెద్దది. ఆ అంకె ఎలా వచ్చిందంటే, ఏడాదిలోని రద్దీ గంటలన్నిటినీ వరసగా పేర్చి, అందులో ఇరవయ్యో గంటకు సరిపడా చోటు ఉండేలా లెక్క కట్టారు. అది క్రిస్మస్ ముందరి ఏదో ఒక శనివారపు మధ్యాహ్నం. ఏడాదికి 8,760 గంటలు. వాటిలో పట్టుమని ఇరవై గంటల కోసం తక్కిన 8,740 గంటలూ ఆ నేల ఎదురుచూస్తూ పడి ఉండాలి. ఇది వ్యంగ్యం కోసం నేను అల్లిన లెక్క కాదు, మాల్‌లు కట్టేవాళ్ళు దశాబ్దాల పాటు నిజంగా పాటించినది. ఉచిత పార్కింగ్ ఉచితం కాదనీ, దాని ఖరీదు కారు లేనివాడు కొనే ప్రతి వస్తువు ధరలోనూ కలిసి ఉంటుందనీ లాస్ ఏంజలెస్ ప్రొఫెసర్ డొనాల్డ్ షూప్ జీవితమంతా చెబుతూనే వచ్చాడు. న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరం 2017లో ఆ నిబంధనలను ఎత్తేసింది. రైలు స్టేషన్ల వంటి ముఖ్య రవాణా కేంద్రాలకు అర మైలు లోపల వాటిని చెల్లనీయకుండా కాలిఫోర్నియా 2022లో చట్టం చేసింది. ఈ సభలో మాత్రం కొత్త పేటలో పార్కింగ్ ఇంకా పెంచాలన్న ఒక్క విషయంలోనే అందరూ ఏకాభిప్రాయానికి వచ్చారు.

కట్టేవాళ్ళను వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. వాళ్ళు గోడకు అంటించిన రంగుల బొమ్మలో చెట్లన్నీ అప్పటికే ముప్ఫై ఏళ్ళ వయసులో ఉన్నాయి, ఎవరికీ చెమట పట్టలేదు, ఎవరూ బస్సు కోసం నిలబడలేదు. అలాంటి బొమ్మల్లోంచి పుట్టిన పేటలు కొన్ని, నడవడానికి కారు వేసుకుని వెళ్ళవలసిన చోట్లుగా తయారయ్యాయన్నదీ నిజమే. అయినా పని జరిగిన చోట జరిగింది. కొలరాడోలోని లేక్‌వుడ్‌లో 1966 నాటి విల్లా ఇటాలియా మాల్ 2001లో మూతపడితే, ఆ 104 ఎకరాల్లో 2004 నుంచి బెల్మార్ అనే పేట లేచింది. మసాచుసెట్స్‌లోని మాష్పీలో ఒక పాత దుకాణాల వరసను 1986 నుంచి కొద్దికొద్దిగా వీధులుగా మార్చుకుంటూ వచ్చారు. ఆ ఊళ్ళ శీలం ఏమైపోయిందో అక్కడివారినే అడగాలి.

శీలరక్షణలో పరాకాష్ఠ చూడాలంటే కాలిఫోర్నియాలోని కూపర్టీనో వెళ్ళాలి. అక్కడి వాల్కో మాల్ భవిష్యత్తు మీద 2016 నవంబరులో రెండు ప్రతిపాదనలను ఓటుకు పెట్టారు. ఒకటి, మాల్ స్థలంలో కొత్త కట్టడాలకు పగ్గాలు వేయమంటుంది. రెండోది, చెట్టూ చేమా పెంచే ముప్ఫై ఎకరాల పైకప్పు కింద ఇళ్ళూ ఆఫీసులూ దుకాణాలూ కట్టమంటుంది. ఓటర్లు రెంటినీ ఓడించారు. కట్టవద్దన్నదానికీ వద్దన్నారు, కట్టమన్నదానికీ వద్దన్నారు. 2018లో రాష్ట్ర చట్టం పుణ్యమా అని 2,402 ఇళ్ళకు అనుమతి వస్తే, అడ్డుకోవాలని ఊరివాళ్ళు కొందరు కోర్టుకు వెళ్ళారు, 2020లో ఓడిపోయారు. ప్రపంచంలోని అతి ఖరీదైన ఇళ్ళ నడుమ, ఒక ఖాళీ మాల్ కోసం ఇంత పోరాటం జరిగిందంటే తారుకు ఆకర్షణ శక్తి లేదని ఎవరనగలరు?

నడక మీద ఆ దేశానికి ద్వేషం ఉందని కూడా నేను అనను. అక్కడి పెద్దవయసు వారు తెల్లవారగానే కారెక్కి మాల్‌కు వెళ్ళి, దుకాణాలు తెరవక ముందే లోపలి నడవాల్లో చుట్లు తిరిగి, మళ్ళీ కారెక్కి ఇంటికి వస్తారు. ఫెడరల్ ప్రభుత్వపు వ్యాధి నియంత్రణ సంస్థ 2015లో మాల్‌లో నడవడం గురించి ఏకంగా ఒక మార్గదర్శిని వెలువరించింది. ఊళ్ళో నడిచే దారి లేకుండా చేసి, నడకకు ఒక భవనం కట్టి, ఆ భవనానికి కారులో చేర్చిన నాగరికత మరొకటి నాకు తెలియదు.

ఇక్కడి దాకా నవ్వుతూనే రాశాను. కానీ ఆ సభలో ఒకాయన, "నడిచేవాళ్ళు ఇక్కడ ఎవరున్నారండీ?" అని అడిగాడు. సభంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నడిచేవాళ్ళు ఎవరో చెబుతాను. 1995 డిసెంబరులో, బఫెలో నగర శివారులోని ఒక పెద్ద మాల్‌లో తిండి అమ్మే కౌంటరు దగ్గర పనిచేసే 17 ఏళ్ళ నల్లజాతి అమ్మాయి, నగరంలోంచి ఆరో నంబరు బస్సెక్కి పనికి వచ్చేది. పర్యాటకులను మోసుకొచ్చే బస్సులు ఆ మాల్ ఆవరణలోకి దర్జాగా వచ్చేవి. పనివాళ్ళను తెచ్చే ఈ సిటీ బస్సును మాత్రం లోపల ఆగనివ్వలేదు. అది ఏడు వరసల రోడ్డుకు అవతల ఆగేది. ఆ రోడ్డు దాటుతుండగా ఆమెను టిప్పర్ లారీ గుద్దింది. 1996 జనవరి మొదట్లో చనిపోయింది. కడుపున పుట్టిన పసివాడున్నాడు. ఆమె తరఫున వేసిన దావా 1999లో 25 లక్షల 50 వేల డాలర్ల రాజీతో ముగిసింది. ఎకరాలకెకరాలు ఖాళీ తారు ఉన్న ఆ ఆవరణలో, ఒక బస్సు నిమిషం సేపు ఆగడానికి చోటు లేకపోయింది! చోటు లేక కాదు. ఆ బస్సులోంచి దిగే మనుషులు వద్దు గనక. ప్రాంతపు శీలమని ముద్దుగా పిలుచుకునేది ఇదే. ఎవరు రాకూడదో పైకి చెప్పడానికి నోరు రానివాళ్ళు, నీడనూ ట్రాఫిక్‌నూ బడులనూ సూర్యాస్తమయాన్నీ అడ్డం పెట్టుకుని తారుతో, దూరంతో, ఏడు వరసల రోడ్డుతో చెప్పే మాట ఇది. కారు కొనలేనివాడూ, కళ్ళు మసకబారి లైసెన్సు వదులుకున్న ముసలాయనా, పదహారేళ్ళు నిండని పిల్లా ఆ ఊరి జాబితాలో మనుషులు కారు. వాళ్ళు మైకు ముందుకు రాలేదని ఎగతాళి చేస్తారా? రాత్రి ఏడు గంటలకు, బస్సు వెళ్ళని చోట పెట్టిన సభకు వాళ్ళు ఎగిరి రావాలా?

సరే, సభ సంగతి. మండలి ఏ నిర్ణయమూ తీసుకోలేదు. నీడ మీద అధ్యయనం ఒకటి, ట్రాఫిక్ మీద మరొకటి చేయించి, మూడు నెలల తరవాత మళ్ళీ కలుద్దామన్నారు. ఆ సభకు జనం ఇంకా ఎక్కువగా వస్తారు కనుక పురపాలక భవనం ముందున్న పార్కింగ్ చాలదని అధ్యక్షురాలు ముందుగానే హెచ్చరించారు. వచ్చేవారు తమ కార్లను మూతపడిన మాల్ దగ్గర నిలుపుకోవాలట. అక్కడి నుంచి పురపాలక భవనం రెండు ఫర్లాంగులే గానీ, మధ్యలో ఫుట్‌పాత్ లేదు కాబట్టి, సభ జరిగినంతసేపూ పది నిమిషాలకొక వ్యాను తిప్పుతారట. ఆ ఏర్పాటుకు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.