షిల్లాంగ్ పూలకి జపాన్ పేరెందుకు?

నవంబరు వచ్చిందంటే ఫీడ్ నిండా షిల్లాంగ్ రీల్సే. వార్డ్స్ లేక్ పక్కన గులాబీ రంగు చెట్లు, కింద 'జపాన్ వెళ్లక్కర్లేదు, మన సకురా ఇక్కడే' అని క్యాప్షన్. సకురా అంటే జపాన్ భాషలో చెర్రీ పూలు. పూలు బాగుంటాయి, నా పేచీ అంతా ఆ క్యాప్షన్‌తోనే.

షిల్లాంగ్‌లో పూసేది హిమాలయాల అడవి చెర్రీ చెట్టు. హిమాచల్ నుంచి మేఘాలయ దాకా కొండల్లో తనంతట తానే మొలుస్తుంది. సంస్కృతంలో దీని పేరు పద్మకం, మూలికల కొట్టులో పద్మకాష్ఠం అని అడిగితే ఇచ్చే చెక్క దీనిదే. వృక్షశాస్త్రజ్ఞులు కూడా ఒకప్పుడు ఆ పేరునే పట్టుకుని ప్రూనస్ పుద్దుం అని రాశారు. ఇప్పుడు చెల్లే పేరు మాత్రం 1825లో డేవిడ్ డాన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ప్రచురించిన ప్రూనస్ సెరసాయిడిస్. లాటిన్‌లో ప్రూనస్ అంటే ప్లమ్, సెరసాయిడిస్ అంటే చెర్రీలాంటిది. పద్మకం కాస్తా 'చెర్రీలాంటి ప్లమ్' అయి కూర్చుంది! ప్రూనస్ అనే ప్రజాతిలో బాదం, పీచ్, ఆప్రికాట్ అన్నీ ఉంటాయి, అందుకే జపాన్ శాస్త్రజ్ఞులు చాలామంది పూల చెర్రీలను విడదీసి సెరసస్ అనే వేరే ప్రజాతిగా లెక్కిస్తారు. ఆ తగువు ఇంకా నడుస్తూనే ఉంది.

అసలు తేడా మాత్రం పేర్లలో లేదు. టోక్యో పార్కుల్లో మనం ఫొటోల్లో చూసే చెట్లు ఎక్కువగా సొమెయ్ యోషినో, ఎడో కాలం చివర్లో, అంటే 19వ శతాబ్దం నడుమ, వ్యాపించిన సంకరం, అంటు కట్టి పెంచుతారు కాబట్టి జన్యుపరంగా అన్నీ ఒకే చెట్టు, ఒక ఊళ్లో అన్నీ ఇంచుమించు ఒకేసారి విచ్చుకుని ఒకేసారి రాలిపోయేది అందుకే. అంతకుముందు జపాన్ వాళ్లు తరతరాలుగా మెచ్చుకున్నది కొండ చెర్రీని, యమజకురాని. నారా దగ్గర యోషినో కొండ మీద ఇప్పటికీ ఎక్కువగా అవే, పూలతోపాటే ఎర్రటి లేతాకులు, ఏ చెట్టు తీరు దానిదే. పద్మకమూ అంతే. పక్షులు పండు తిని గింజ వదిలిన చోట మొలుస్తుంది, ఒకటి ముదురు గులాబీ అయితే పక్కది దాదాపు తెలుపు. పైగా పూసేది చలి మొదలయ్యాక, మిగతా పూలు తగ్గిపోయిన రోజుల్లో, అప్పుడు కొండల్లో తేనెటీగలకి ఇదే దిక్కు.

ఉత్తరాఖండ్‌లోని గఢ్వాల్‌లో పద్మకాన్ని పయ్యా అంటారు. మనం పందిరి రాటకి పాలకొమ్మ కట్టినట్టు, అక్కడ పెళ్లి మండపానికి దీని కొమ్మలు వాడతారు.

షిల్లాంగ్‌లో 2016లో మొదలైన చెర్రీ బ్లాసమ్ ఉత్సవం వల్లే మనలో చాలామందికి ఈ చెట్టు తెలిసింది, కాదనను. అక్కడ కాస్‌ప్లే పోటీలు, అంటే కామిక్స్, కార్టూన్ పాత్రల వేషాలు కట్టే పోటీలు, కూడా పెడతారు, పెట్టుకోనీ. పయ్యా అనో పద్మకం అనో అన్న రీల్ మాత్రం నాకు ఇంతవరకు ఒక్కటీ తగల్లేదు.