బెంచీ మీద కొలువు

బేస్‌బాల్‌లో క్యాచర్ అంటే మన వికెట్ కీపర్‌కు వరసకు అన్న. మొహానికి జాలీ, ఛాతీకి కవచం తగిలించుకుని, బంతి బంతికీ గొంతుక్కూర్చుని లేస్తుంటాడు. అతనికి ఏమన్నా అయితే పనికొస్తాడని ఉంచుకునే రెండో క్యాచర్‌ది ఇంకా కష్టమైన కొలువు. కూర్చున్నవాడు లేవకూడదు.

ఈ విద్యలో ఆరితేరిన మహానుభావుడు మిల్వాకీలో పుట్టిన బాబ్ యూకర్. 1962 నుంచి 1967 దాకా ఆరు సీజన్లు, 297 మ్యాచ్‌లు, 731 ప్రయత్నాల్లో 146 హిట్లు. సగటు .200. అంటే అయిదుసార్లు బ్యాట్ పడితే నాలుగుసార్లు ఉత్త చేతులే. అసలు లెక్క .1997 వస్తుంది, పైకి సర్దితే .200 అయింది. గణితానికి కూడా జాలేసింది పాపం.

1964 వరల్డ్ సిరీస్‌లో, అంటే అమెరికా బేస్‌బాల్ ఫైనల్లో, యూకర్ జట్టు సెయింట్ లూయిస్ కార్డినల్స్ ఏడు మ్యాచ్‌లు పోరాడి యాంకీస్‌ను ఓడించింది. ఏడింటికీ క్యాచర్ టిమ్ మెకార్వరే. యూకర్‌ను ఒక్కసారీ దింపలేదు. ఆయన ఖాళీగా ఉన్నాడా? మ్యాచ్‌కు ముందు ప్రాక్టీసులో బ్యాండువాళ్ల ట్యూబా ఎత్తుకుని, పైనుంచి పడే బంతుల్ని అందులో పట్టాడు. కార్డినల్స్ గెలుపుకు అది కారణం కాదని ఇంతవరకూ ఎవరూ రుజువు చేయలేదు.

1965లో సాండీ కోఫాక్స్ అంతటి పిచర్ (మన బౌలర్ లాంటివాడు) బంతిని యూకర్ హోమ్ రన్ కొట్టాడు, మన సిక్సర్ లాంటిది. ఆ మచ్చతో కోఫాక్స్‌కు ఆటలో మహామహులకిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం దక్కదేమోనని తర్వాత తెగ బెంగపడేవాడు. పెద్దలు దయతలచి 1972లో చేర్చుకున్నారు లెండి.

1967లో అట్లాంటాలో ఫిల్ నీక్రో అనే పిచర్ వేసే నకల్‌బాల్ పట్టే పని పడింది. గింగిరాలు తిరగకుండా వచ్చే ఆ బంతి ఎటు పోతుందో వేసినవాడికే తెలీదు. ఆ ఏడాది 27 బంతులు చేజార్చి, రోజూ ఆడే క్యాచర్లందరినీ వెనక్కి నెట్టి, లీగ్‌లో ఫస్టొచ్చాడు. నకల్‌బాల్ పట్టే ఉపాయం కూడా ఆయనే చెప్పాడు: దొర్లడం ఆగాక వెళ్లి తీసుకోవాలట!

దాంతో ఆట ముగిసింది. కెరీర్ చిన్నదంటారు లెక్కలవాళ్లు. నేనొప్పుకోను. ఆరేళ్లు కూర్చుని ఆట చూశాడు. 1971 నుంచి 2024 దాకా, తొంభయ్యో ఏట కూడా, మిల్వాకీ జట్టు బ్రూవర్స్ మ్యాచ్‌ల రేడియో వ్యాఖ్యానంలో మళ్లీ అదే పని చేశాడు, కాకపోతే ఈసారి మైకిచ్చారు. మెకార్వర్ కూడా చివరికి మైకు దగ్గరికే వచ్చాడు, అనవసరంగా బోలెడన్ని మ్యాచ్‌లు ఆడి మరీ.

మిల్వాకీ స్టేడియంలో యూకర్‌కు రెండు విగ్రహాలున్నాయి. 2012లో బయట పెట్టినది నిలబడి ఉంటుంది. శిల్పికి ఎవరూ చెప్పినట్టు లేదు. 2014లో పై అంతస్తు చిట్టచివరి వరసలో పెట్టినది మాత్రం కూర్చుని ఉంటుంది, పక్క సీటు ఖాళీగా ఉంచుకుని.