పెద్ద బ్యాంకులో ఉద్యోగమంటే లైఫ్ సెటిలా? ఆ పోస్టు నమ్మకండి

గచ్చిబౌలి, రాయదుర్గం వైపు ఏదైనా పెద్ద అమెరికన్ బ్యాంకు ఆఫీసులో సీటు దొరికితే ఇక లైఫ్ సెటిల్ అని ఒక పోస్టు వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. బ్యాంకు కాబట్టి ఉద్యోగం పోదట, చెప్పిన ప్యాకేజీ చెప్పినట్టు చేతికొస్తుందట, సెలవులకు లోటుండదట, పైగా లోపలి మనుషులం కాబట్టి షేర్లలో నాలుగు రాళ్లు వెనకేసుకోవచ్చట. నేను అలాంటి ఆఫీసులోనే ట్రేడ్ సెటిల్‌మెంట్ పని చేస్తున్నాను, అంటే షేర్లు కొన్నాక, అమ్మాక డబ్బూ షేర్లూ సరిగ్గా చేతులు మారాయా అని చూసే పని. ఉద్యోగం మంచిదే, కాదనను, కానీ ఆ పోస్టులో చెప్పిన కారణాలకు కాదు.

“బ్యాంకు ఉద్యోగం పోదు.” మన ఇళ్లలో బ్యాంకు అనగానే స్టేట్ బ్యాంకు గుర్తొస్తుంది, తప్పు అక్కడే మొదలవుతుంది. ఇక్కడ పాస్‌బుక్కూ ఉండదు, కౌంటరూ ఉండదు, ఎక్కడో న్యూయార్క్‌లో జరిగిన లావాదేవీల లెక్కలు చూసే ఆఫీసులివి, రిటైరయ్యేదాకా ఉంచుతామని ఎవరూ రాసివ్వరు. 158 ఏళ్ల అమెరికన్ బ్యాంకు లేమన్ బ్రదర్స్ 2008 సెప్టెంబర్‌లో దివాలా తీసింది. 1856లో పుట్టిన స్విట్జర్లాండ్ బ్యాంకు క్రెడిట్ స్విస్‌ని 2023 మార్చిలో అక్కడి ఇంకో బ్యాంకు యూబీఎస్‌కి కట్టబెట్టేశారు. మునిగిపోయేదాకా ఎందుకు, నిక్షేపంలా నడుస్తున్న గోల్డ్‌మన్ శాక్స్ 2023 జనవరిలో దాదాపు 3,200 మందిని తీసేసింది, సిటీగ్రూప్ అయితే 2026 కల్లా 20,000 ఉద్యోగాలు తగ్గిస్తామని 2024 జనవరిలో బాహాటంగానే చెప్పింది.

ఇక ప్యాకేజీ. ఏడాదికి 12 లక్షలంటే నెలకు లక్ష అని ఇంట్లో చెప్పేస్తారు. అందులో పది శాతం బోనస్ అనుకోండి, అది ఏడాదికోసారి, అదీ ఇస్తే. బేసిక్ జీతం 12 లక్షల్లో సగమైతే కంపెనీ వాటా పీఎఫ్ 72,000, గ్రాట్యుటీ పేరున దాదాపు 29,000, ఈ రెండూ ఆ 12 లక్షల్లోంచే. మన వాటా పీఎఫ్ కూడా పోతే అకౌంట్లో పడేది నెలకు 75 వేల చిల్లర. పీఎఫ్ మన డబ్బే, ఎక్కడికీ పోదు. గ్రాట్యుటీ మాత్రం ఐదేళ్లు నిండకుండా మానేస్తే మామూలుగా రాదు. పోస్టు రాసినాయన అసలు లాభాన్ని వదిలేశాడు: చాలా చోట్ల గ్రూప్ ఇన్సూరెన్స్‌లో అమ్మానాన్నల్ని చేర్చుకోవచ్చు, షుగరూ బీపీ ముందే ఉన్నా సరే. పెద్దవాళ్ల పాలసీ కోసం బయట తిరిగినవాళ్లకి దీని విలువ తెలుస్తుంది.

సెలవుల మాట సగం నిజం. చాలా సంస్థల్లో కీలకమైన పనుల్లో ఉన్నవాళ్లు ఏడాదికోసారి వరసగా కొన్ని రోజులు సెలవు పెట్టి తీరాలి, సిస్టమ్ యాక్సెస్ కూడా ఆపేస్తారు, మెయిల్ చూద్దామన్నా తెరుచుకోదు. ఇది మన మీద ప్రేమతో కాదు. నిక్ లీసన్ అనే ట్రేడర్ సింగపూర్‌లో కూర్చుని నష్టాలన్నీ 88888 అనే అకౌంట్లో దాచి, 1995లో 233 ఏళ్ల బ్రిటిష్ బ్యాంకు బేరింగ్స్‌ని 82.7 కోట్ల పౌండ్లకు ముంచాడు. ట్రేడ్ చేసేదీ అతనే, ఆ లెక్కలు సరిచూసే విభాగమూ అతని చేతిలోనే. అలాంటి మనిషి కొన్నాళ్లు సీట్లో లేకుండా పోయి, ఆ పని ఇంకొకరు చూస్తే బండారం బయటపడుతుందని ఈ ఏర్పాటు. మన రిజర్వ్ బ్యాంకు కూడా బ్యాంకుల్లో ఇలాంటి సిబ్బందికి ఏడాదికి కనీసం 10 పనిదినాలు చెప్పాపెట్టకుండా సెలవిచ్చి పంపమంటుంది. ఎందుకిచ్చినా సెలవు సెలవే, హాయిగా ఉంటుంది.

మిగతా రోజుల సంగతి వేరు. సంక్రాంతికి న్యూయార్క్ మార్కెట్ మూయరు కాబట్టి టీమంతా ఊరెళ్తామంటే కుదరదు, ముందు అడిగినవాడిదే అదృష్టం. 2024 మే 28 నుంచి అమెరికాలో షేర్ల సెటిల్‌మెంట్ గడువు రెండు రోజుల నుంచి ఒక్క రోజుకి తగ్గింది. రెండు వైపులా లెక్క కలవని ట్రేడ్‌ని మేం బ్రేక్ అంటాం. ఇదివరకు రేపు చూద్దాంలే అని వదిలేసిన బ్రేక్‌ని ఇప్పుడు ఆ రాత్రే తేల్చాలి, కింద క్యాబ్ డ్రైవర్ ఫోన్ మీద ఫోన్ చేస్తున్నా సరే. నవంబర్‌లో వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుకుంటే మేం ఇల్లు చేరడం ఇంకో గంట ఆలస్యం.

షేర్ల మాటకి మాత్రం నవ్వొచ్చింది. పెళ్లిళ్లలో బాబాయిలు చెవి దగ్గరికొచ్చి “ఏ షేరు కొనమంటావురా” అని అడుగుతారు, నిజానికి చేతులు కట్టేసి ఉండేది లోపలున్నవాడికే. మన షేర్లుండే డీమ్యాట్ ఖాతా వివరాలు ఆఫీసుకివ్వాలి, చాలా చోట్ల భార్యవి కూడా. కొనే ముందు అనుమతి, కొన్నాక ఇన్ని రోజులదాకా అమ్మకూడదని రూలు. ఓసారి అమ్ముదామని అడిగితే అనుమతి వచ్చేసరికి రేటు పడిపోయింది, ఇంట్లో చీవాట్లు నాకు. మార్కెట్‌కి తెలియని సంగతి తెలిసి కొంటే ఉద్యోగం పోవడమే కాదు, కేసు. ఫోన్ మీద కూడా కన్నుంటుంది: ఆఫీసు విషయాలు సొంత ఫోన్లలో, వాట్సాప్ లాంటి వాటిలో మాట్లాడుకున్నారని 2022 సెప్టెంబర్‌లో అమెరికా నియంత్రణ సంస్థలు వాల్‌స్ట్రీట్ సంస్థలకు మొత్తం 180 కోట్ల డాలర్లకు పైగా జరిమానా వేశాయి.

అన్నట్టు ఆ పోస్టు చివర ఒక ట్రైనింగ్ సెంటర్ నంబరుంది, ఫీజు కడితే ఎక్స్‌పీరియన్స్ లెటర్ కూడా వాళ్లే ఇప్పిస్తారట. ఇలాంటి ఆఫీసుల్లో వెరిఫికేషన్ చేసేవాళ్లు యూఏఎన్ (ఉద్యోగి పీఎఫ్ నంబరు) తీసి ఏ నెలలో ఏ కంపెనీ పీఎఫ్ కట్టిందో చూస్తారు. లెటర్ దొంగదని చేరిన ఆర్నెల్లకి తేలినా అదే రోజు ఐడీ కార్డు తీసేసుకుని పంపించేస్తారు, సెంటర్‌వాడు ఫీజు వెనక్కివ్వడు.