పీపాకు ఎంత, ద్రాక్షకు ఎంత?

హైదరాబాద్‌లో వైన్ టేస్టింగ్ సాయంత్రాలు ఇప్పుడు వింతేమీ కాదు. జూబ్లీహిల్స్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా హోటళ్లు, రెస్టారెంట్లు పెడుతూనే ఉన్నాయి. వచ్చేవాళ్లలో ఎక్కువమంది అప్పటిదాకా విస్కీ తాగినవాళ్లే. నాలుగైదు రకాలు వరుసగా రుచి చూపిస్తే చివరికి ఓట్లు పడేది చాలాసార్లు ఓక్ చెక్క పీపాలో నెలల తరబడి ఉంచిన షిరాజ్‌కో, క్యాబర్నేకో (రెండూ రెడ్ వైన్ ద్రాక్ష రకాలే). 'స్మూత్‌గా ఉంది' అంటారు. ఆ స్మూత్ ఎక్కడి నుంచి వచ్చిందని అడిగేవాళ్లు తక్కువ. నన్నడిగితే అందులో సగం చెక్క పుణ్యం. విస్కీ మన నాలుకకు అలవాటు చేసిన రుచినే వైన్‌లోనూ వెతుక్కుంటున్నాం, దొరికితే మంచి వైన్ అని తీర్పు చెప్పేస్తున్నాం. ఈ తీర్పు వల్ల ఎక్కువ నష్టపోయేది చిన్న వైనరీలు.

విస్కీకి చెక్క లేకపోతే కుదరదు. బట్టీ నుంచి వచ్చేటప్పుడు ఆ స్పిరిట్ నీళ్లలా ఉంటుంది. రంగు, తీపి, వెనీలా వాసన చాలావరకు పీపా ఇచ్చినవే. అమెరికాలో ఏ విస్కీ అయినా బోర్బన్ అని పిలిపించుకోవాలంటే లోపల కాల్చిన కొత్త ఓక్ పాత్రలోనే ఉంచాలని చట్టమే ఉంది. ఆ పని ముగించుకున్న పీపాలు స్కాట్లండ్‌కూ, బెంగళూరు అమృత్ లాంటి డిస్టిలరీలకూ వెళ్తాయి. వైన్ సంగతి వేరు. పీపాలోకి వెళ్లేనాటికే దానికి సొంత రంగు, పులుపు, వగరు, వాసన ఉంటాయి. అందులోకి చెక్క ఎంత చేరాలన్నదే ప్రశ్న.

పీపా చేసేవాళ్లు ఓక్ పలకలను మంట మీద వేడి చేసి వంచుతారు, లోపలి వైపు కాలుస్తారు. ఆ వేడికి చెక్కలోని లిగ్నిన్ విరిగి వెనిలిన్ తయారవుతుంది. వెనీలా ఐస్‌క్రీమ్ వాసన దీనిదే. ఇంకాస్త కాలిస్తే గ్వాయకాల్ వచ్చి పొగ వాసన వేస్తుంది. ఓక్‌లో ఉండే యూజెనాల్ మన లవంగంలో ఉన్నదే, తేడా లేదు. లాక్టోన్లనే పదార్థాలు కొబ్బరి వాసననిస్తాయి. ఇవి అమెరికన్ ఓక్‌లో ఎక్కువ. ఫ్రెంచ్ ఓక్‌లో కొబ్బరి తక్కువ, మసాలా దినుసుల ఘాటూ వగరూ ఎక్కువ. మన అలంకారికులు ద్రాక్షాపాకాన్నీ నారికేళపాకాన్నీ వేర్వేరుగా లెక్కపెట్టారు గానీ, అమెరికన్ ఓక్ రెండింటినీ ఒకే గ్లాసులో పోసేస్తుంది.

ధరల తేడాకు కూడా చెక్కలోనే కారణం ఉంది. అమెరికన్ ఓక్‌ను రంపంతో కోసినా పీపా కారదు. ఫ్రెంచ్ ఓక్‌ను నార వెంబడి చీల్చాల్సిందే, అందుకే దుంగలో చాలా భాగం వృథా అవుతుంది. చీల్చిన పలకలను రెండు మూడేళ్లు ఎండకూ వానకూ ఆరుబయట వదిలేస్తారు, పచ్చి చెక్క చేదు పోవడానికి.

పీపా చేసే రెండో పని గురించి టేస్టింగుల్లో పెద్దగా మాట్లాడరు. పలకల్లోంచి, అతుకుల్లోంచి, మూత దగ్గర నుంచి చాలా కొద్దిగా గాలి లోపలికి పోతుంది. ఆ ఆక్సిజన్‌తో టానిన్లు, అంటే వగరునిచ్చే పదార్థాలు, ఒకదానితో ఒకటి, రంగు పదార్థాలతో కూడా జతకడతాయి. నాలుకకు తగిలే గరుకు తగ్గుతుంది, ఎరుపు నిలబడుతుంది. వాసన ఇచ్చే శక్తి మూడు నాలుగు సార్లు నింపేసరికి దాదాపు అయిపోతుంది. గాలినిచ్చే పని మాత్రం ఆ తర్వాత కూడా ఏళ్లపాటు సాగుతుంది. పాత పీపాలో పెట్టిన వైన్ ఓక్‌లో ఉన్నదే, అయినా ఓక్ వాసన కొట్టదు. నా లెక్కలో చిన్న వైనరీ చేయగలిగిన గొప్ప పని ఇదే. టేస్టింగులో ఓట్లు పడనిదీ దీనికే.

డబ్బు లెక్క చూద్దాం. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు పద్ధతి పీపా 225 లీటర్లు. అంటే 300 సీసాలు, 25 కేసులు. ఫ్రాన్స్ నుంచి కొత్త పీపా తెప్పిస్తే రవాణా, సుంకం కలుపుకొని లక్ష రూపాయలకు అటూ ఇటూ అవుతుందనుకుందాం. ఒక్కసారి నింపి పక్కన పెడితే సీసాకు మూడు వందల పైచిలుకు చెక్క ఖర్చే పడుతుంది. నాలుగు పంటలకు వాడితే ఎనభై రూపాయల చిల్లరకు దిగుతుంది. దీని మీద ఆవిరి నష్టం ఉంది. చల్లటి గదిలో ఉన్నా ఏటా రెండు నుంచి ఐదు శాతం పోతుంది. బెంగళూరు వాతావరణంలో అమృత్ విస్కీ ఏటా పది శాతానికి పైగా ఆవిరవుతుందన్నది ప్రసిద్ధమైన విషయమే. వైన్‌ను అలా వదిలేయలేం, చెడిపోతుంది. గదిని పదిహేను డిగ్రీల దరిదాపుల్లో ఉంచాలి, ఎండాకాలంలో కూడా. తగ్గిన మేర ఎప్పటికప్పుడు నింపుతుండాలి, లేదంటే ఖాళీలో గాలి చేరి వైన్ కాస్తా వెనిగర్ దారి పడుతుంది. అలా నింపడానికి కూడా మంచి వైన్ మిగుల్చుకోవాలి. వంద పీపాలున్న కంపెనీకి ఇది లెక్కలోకి రాదు. పది పీపాలున్నవాడికి ప్రతి ఏడాదీ టెన్షనే.

ఇంకో దారి ఉంది. స్టీలు ట్యాంకులో ఓక్ ముక్కలో, పలకలో వేసి నానబెట్టడం. యూరోపియన్ యూనియన్ కూడా 2006లో దీనికి అనుమతి ఇచ్చింది. ఖర్చు నామమాత్రం, వెనీలా వారాల్లోనే దిగుతుంది. ఇదేమీ కల్తీ కాదు, తక్కువ ధర సీసాకు నాకు అభ్యంతరమూ లేదు. లేబుల్ మీద పీపా బొమ్మ వేసి పీపా ధర వసూలు చేస్తే మాత్రం ముక్కలా, పీపానా అని నిలదీసే హక్కు కొనేవాడికి ఉంది.

మన దేశంలో ఓక్ ఎక్కువగా వాడటం వెనక ఒక వ్యవసాయ కారణం కూడా ఉందని నా అనుమానం. ఇక్కడ ద్రాక్ష తీగకు మంచు కాలపు నిద్ర లేదు. ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, వానలు వెనకబడ్డాక కాసిన కాయను జనవరి నుంచి మార్చి దాటేవరకూ కోస్తారు. ఎండ ముదిరేకొద్దీ కాయలో తీపి పరుగులు తీస్తుంది, పులుపు పడిపోతుంది. తొక్క, గింజ మాత్రం ఆ వేగంతో పండవు. అలాంటి కాయతో చేసిన వైన్ ఒకవైపు చప్పగా, ఒకవైపు పచ్చి వగరుగా ఉంటుంది. దానికి కొత్త ఓక్ తగిలిస్తే వెనీలా ఆ రెంటినీ కప్పేస్తుంది. మసాలా దట్టించిన కూరలో ముక్క తాజాదో కాదో తెలియనట్టే, చెక్క దట్టించిన వైన్‌లో కాయ ఎలా పండిందో తెలియదు.

చిన్న వైనరీలవాళ్లందరూ మంచివాళ్లని కూడా అనుకోనక్కర్లేదు. పాత పీపాలను సరిగా కడగకపోతే, వైన్ చెడిపోకుండా వేసే సల్ఫర్ లెక్క తప్పితే బ్రెటానోమైసెస్ అనే ఈస్ట్ చెక్కలో కాపురం పెడుతుంది. గుర్రపుశాల వాసన, బ్యాండ్‌ఎయిడ్ వాసన దాని గుర్తులు. పులుపు తక్కువైన వైన్‌లో అది ఇంకా బాగా పెరుగుతుంది, మనకు ఆ బెడద ఎక్కువే. దీన్ని 'మట్టి పరిమళం' అని వర్ణించి అమ్మేవాళ్లున్నారు. తోట యజమాని మంచి మనిషైనంత మాత్రాన ఆ గ్లాసును మెచ్చుకోవాల్సిన పని లేదు.

ఇక మన ఊరికి ద్రాక్ష కొత్తేమీ కాదు. ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ అంటే హైదరాబాదే. నగరం చుట్టూ తోటలుండేవి, దిగుబడికి పెట్టింది పేరు, రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రమూ వెలిసింది. అది తినే ద్రాక్ష, పీపాకు తగిన రకం కాదు. తోటల్లో చాలావరకు లేఅవుట్లయిపోయాయి. మహారాష్ట్ర 2001లో ద్రాక్ష ప్రాసెసింగ్‌కు ప్రత్యేక విధానం తెచ్చింది, కర్ణాటక వైన్ బోర్డు పెట్టుకుంది. దాంతో నాసిక్, సోలాపూర్ వైపు అక్లుజ్, నందిహిల్స్ పరిసరాల్లో వైనరీలు పెరిగాయి. తెలుగువాళ్ల డబ్బు, ఓపిక కూడా అటే వెళ్లాయి. హైదరాబాద్ మందుల కంపెనీ గ్రాన్యూల్స్ ఇండియాకు చెందిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు తమ క్రిస్మా ఎస్టేట్స్ తోటను పెట్టింది హంపి దగ్గర, కొప్పళ జిల్లాలో. క్యాబర్నే, సాంజియోవేసే లాంటి రకాలతో సొంత తోట కాయనే వైన్ చేసే ఎస్టేట్ అది.

ఇలాంటి చోట్ల తయారయ్యే సీసాల్లో మన షాపులకు చేరేవి కొన్నే. తెలంగాణలో మద్యం హోల్‌సేల్ అంతా ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ చేతిలో ఉంది. ఏ లేబుల్ అయినా ఈ రాష్ట్రంలో అమ్మాలంటే అనుమతి తీసుకోవాలి, ఫీజు కట్టాలి. వేల కేసులు అమ్మే కంపెనీకి ఆ ఫీజు సీసాకు పైసల్లో పడుతుంది. ఒక పీపాకు 25 కేసులే వచ్చే ప్రత్యేకమైన వైన్‌కు అది మోయలేని బరువు. అందుకే చిన్న వైనరీ హైదరాబాద్‌కు పంపితే గింపితే అమ్ముడుపోయే, అందరికీ నచ్చే ఒకటో రెండో రకాలే పంపుతుంది. పోనీ మనమే తెచ్చుకుందామా అంటే, పన్ను కట్టని వేరే రాష్ట్రపు మద్యాన్ని ఎక్సైజ్ వాళ్లు పట్టుకున్న వార్తలు, ముఖ్యంగా గోవా నుంచి వచ్చే రైళ్లలో, విమానాల్లో, మనం చదువుతూనే ఉన్నాం. చిన్న వైనరీని దాని గడప దగ్గరే రుచి చూడటం ప్రస్తుతానికి తేలికైన మార్గం.

అక్కడైనా ఇక్కడైనా ముందు సరిచేయాల్సింది వేడి. రెడ్ వైన్‌ను గది వేడిలో ఇవ్వాలన్న మాట పదహారు, పద్దెనిమిది డిగ్రీలుండే యూరప్ ఇళ్ల సంగతి. ఏప్రిల్ నెల అమీర్‌పేట గది సంగతి కాదు. ముప్పై డిగ్రీల్లో ఆల్కహాల్ ముక్కును కొడుతుంది, వెనీలా పాకంలా తోస్తుంది, ద్రాక్ష అడుగున పడిపోతుంది. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి పోయమని అడగడానికి మొహమాటం అక్కర్లేదు. పోసిన వెంటనే గ్లాసు తిప్పకుండా ఒకసారి వాసన చూడండి. మొదట తగిలేది పండా, ఫర్నిచర్ షాపా? తర్వాత తిప్పి చూడండి. నోట్లో పోసుకున్నాక పక్కల నుంచి నీరూరితే పులుపు ప్రాణంతో ఉన్నట్టు. మింగాక మిగిలేది చెక్కపొడి తగిలిన పొడిదనమూ తీపి వాసనా మాత్రమే అయితే అందులో ద్రాక్ష వాటా తక్కువని నేను అనుకుంటాను. ఇంట్లో అయితే సగం సీసాకు బిరడా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి మర్నాడు తాగి చూడవచ్చు. పళ్ల వాసన నిలిచి ఉంటే ఓక్ దానికి తోడుగా ఉన్నట్టే. పండు మాయమై వెనీలా ఒక్కటే మిగిలితే ఇక చెప్పేదేముంది.

తిండి దగ్గర మన వాళ్లు అన్నిటికీ బిర్యానీని ముందుకు తోస్తారు. ఓక్ బాగా పట్టిన వైన్‌కు బిర్యానీ పొసగదని నా అభిప్రాయం. లవంగం, దాల్చినచెక్క అప్పటికే పళ్లెంలో ఉన్నాయి, మళ్లీ గ్లాసులోనూ అవే ఎందుకు? పైగా మిరప మంటను ఆల్కహాల్, వగరు రెండూ ఎగదోస్తాయి. అదే పత్థర్ కా గోష్త్‌తో చూడండి. రాతి మీద కాలిన మాంసపు అంచులకూ, కాల్చిన పీపా పొగకూ చక్కగా కుదురుతుంది, కొవ్వు వగరును మెత్తబరుస్తుంది. గోంగూర మటన్ గట్టి పరీక్ష. కూర అంత పుల్లగా ఉన్నప్పుడు పులుపు లేని ఓక్ వైన్ నోట్లో చప్పబడిపోతుంది. పులుపు సహజంగా ఎక్కువుండే సాంజియోవేసే, అదీ పాత పీపాలో ఉన్నది, తట్టుకుని నిలబడుతుంది. కారం మాత్రం తగ్గించి వండమనాలి.

లేబుల్ మీద 'రిజర్వ్' అన్న మాటకు ఎంత విలువ ఇవ్వాలో కూడా చెప్పుకోవాలి. స్పెయిన్‌లోని రియోహాలో రెడ్ వైన్ మీద 'రిజర్వా' అని ఉంటే మొత్తం మూడేళ్లు, అందులో కనీసం ఏడాది ఓక్ పీపాలో ఉండాలన్నది నియమం. అమెరికాలో ఆ మాటకు సమాఖ్య చట్టంలో నిర్వచనమే లేదు. కాబట్టి మాటను వదిలేసి వివరం చూడాలి. ఎన్ని నెలలు, ఏ దేశపు ఓక్, అందులో కొత్త పీపాలు ఎంత శాతం. ఈ మూడూ వెనక లేబుల్ మీద రాసే చిన్న వైనరీకి నేను రెండు వందలు ఎక్కువైనా ఇస్తాను.

టేస్టింగులు పెట్టేవాళ్లకు కూడా ఒక సూచన. ఐదు వైనరీల ఐదు ఖరీదైన సీసాలు వరసగా పోయడం మానేయండి. ఒకే వైనరీ, ఒకే ద్రాక్ష, ఒకే ఏడాది పంట తీసుకుని స్టీలు ట్యాంకులో ఉన్నది ఒకటి, పాత పీపాలో ఉన్నది ఒకటి, కొత్త పీపాలో ఉన్నది ఒకటి పక్కపక్కన పెట్టండి, పేర్లు కప్పేసి. మూడూ సీసాలకెక్కని చోట, నేరుగా ట్యాంకు నుంచీ పీపా నుంచీ తీసిన శాంపిళ్లు వైనరీలోనే చూపించినా చాలు. టికెట్ డబ్బులు అలాంటి దానికి పెట్టొచ్చు.