డీవీడీ ప్లేయర్ మడి

మడీ ఆచారం మంటగలిసిపోయాయని బాధపడే పెద్దలు ఒకసారి టీవీ కింద అర దులిపి చూడాలి. అక్కడ పాత డీవీడీ ప్లేయర్ ఇంకా ఉంటే, ఆచారానికి వచ్చిన ఢోకా ఏమీ లేదు.

నాకీ జ్ఞానోదయం మా మేనత్త వల్ల కలిగింది. ఆవిడ ఓ ఛానల్‌వారి వంటల కార్యక్రమంలో గోంగూర పులిహోర కలిపింది. అప్పట్లో నా కంప్యూటర్‌లో టీవీ ట్యూనర్ కార్డు ఉండేది కాబట్టి ఆ గంటసేపూ రికార్డు చేశాను. "అది డీవీడీలో వేసి పంపరా" అంది తెనాలి నుంచి. వేసి పంపడం! గిన్నెలో పెరుగు వేసి పంపినంత సులువుగా.

సరే, ఫైలు ఉన్నదున్నట్టు డిస్కులోకి ఎక్కించాను. కంప్యూటర్ హాయిగా చూపించింది. దానికి పట్టింపులు తక్కువ, ఎవరింట్లోనైనా తింటుంది. ప్లేయర్ మాత్రం డిస్కును నోట్లో పెట్టుకుని, కాసేపు గిరగిరా తిప్పి, బయటికి తోసేసింది.

అప్పుడు శాస్త్రం తిరగేశాను. బొమ్మను ఎంపెగ్-2 అనే పద్ధతిలో కుదించి ఉండాలి. మన డీవీడీలది పాల్ అనే టీవీ పద్ధతి గనక నిండు బొమ్మకు అడ్డం 720, నిలువు 576 చుక్కలు, సెకనుకు 25 ఫ్రేములు. శబ్దాన్ని సెకనుకు 48 వేలసార్లు కొలవాలి, అంటే 48 కిలోహెర్ట్జ్. అదంతా వీడియో_టీఎస్ అనే ఫోల్డర్‌లో, ఒక్కొక్కటి 1 జీబీ దాటని ముక్కలుగా వడ్డించాలి. పక్కన ఆడియో_టీఎస్ అని ఇంకో ఫోల్డర్ ఉంటుంది, ఖాళీగా. డీవీడీ ఆడియో అనే పాటల డిస్కు అతిథి కోసం వేసిన విస్తరి అది. పాపం ఆ అతిథి మన ఇళ్ళకు రానే లేదు, విస్తరి మాత్రం వేస్తూనే ఉన్నాం.

నా ఫైలులో బొమ్మ ఎంపెగ్-2లోనే ఉంది, కొలతలూ సరిపోయాయి. శబ్దం 44.1 దగ్గర ఆగింది. అది సీడీ వాళ్ళింటి లెక్కట, ఇక్కడ చెల్లదట. ఆ శబ్దం ఒక్కటీ మారిస్తే పోయేది. కానీ నా సాఫ్ట్‌వేర్ ఆవగింజంత మైలకు ఇల్లంతా కడిగే రకం. బొమ్మను కూడా విప్పి, మళ్ళీ ఎంపెగ్-2లోకే చుట్టడం మొదలుపెట్టింది. నాలుగు గంటలంది. 92 శాతం దగ్గర కరెంటు పోయింది.

రెండోసారి పూర్తయింది గానీ, నేను ప్రకటనలు కోసిన చోటల్లా శబ్దం కొంచెం కొంచెం జారింది. అత్తయ్య "ఉప్పు" అంటుంటే తెర మీద పోపు చిటపటలాడుతోంది. మూడోసారి శబ్దం కుదిరింది, బొమ్మ చెడింది. టీవీ బొమ్మలో బేసి గీతలు ఒకసారి, సరి గీతలు ఒకసారి వస్తాయి. ఏవి ముందో తప్పు చెప్పాను. గరిటె తిప్పినప్పుడల్లా ఆవిడ చేయి చలిజ్వరం వచ్చినట్టు వణికింది. నాలుగోసారి అన్నీ కుదిరాయి గానీ, ఖాళీ డిస్కుల్లో ఉన్న రెండు తెగల్లో నాది ప్లస్ ఆర్. మా ప్లేయర్‌ది మైనస్ ఆర్ సంప్రదాయం. అడ్డనామాలకూ నిలువునామాలకూ ఎక్కడ పొసుగుతుంది?

ఈలోగా అమెరికాలోని మా బావ తనకూ ఒకటి కావాలన్నాడు. అక్కడి డీవీడీలది ఎన్‌టీఎస్‌సీ అనే పద్ధతి. 480 గీతలు, సెకనుకు 29.97 ఫ్రేములు. ముప్పైకి తగ్గిన ఆ 0.03 ఎక్కడికి పోయిందని అడక్కండి, నేను అడిగి ఒక ఆదివారం పోగొట్టుకున్నాను. బావా, కంప్యూటర్లో చూసుకో అన్నాను.

ప్రభుత్వానికి నా విన్నపం ఒక్కటే. కన్వర్షన్ నడుస్తున్న ఇంటిని హోమం జరుగుతున్న ఇంటితో సమానంగా చూడాలి. ఆ వీధిలో కరెంటు తీయకూడదు. "ఒక్క నిమిషం మెయిల్ చూసుకుంటా" అంటూ మౌస్ ముట్టుకున్నవారి చేత తలంటు పోయించాలి. డిస్కు ఫైనలైజ్ చేయకుండా, అంటే రాత ముగిసిందని ముద్ర వేయకుండా లేచిపోయినవారికి పూర్ణాహుతి ఎగ్గొట్టిన దోషం అంటాలి. అలాగే డబ్బా మీద 4.7 జీబీ అని అచ్చేసి, కంప్యూటర్లో 4.38 చూపించే లెక్క మీద కూడా విచారణ జరగాలి. డబ్బావాళ్ళు వెయ్యితో, కంప్యూటర్ 1024తో లెక్కేసే తేడా అంటారు. మా పాలవాడు కూడా ఏదో తేడా అనే అంటాడు.

అయిదో డిస్కు తెనాలి చేరింది. ఆ సాయంత్రమే ఫోన్.

"బొమ్మ అద్దంలా ఉందిరా. అన్నీ బాగున్నాయి గానీ, మధ్యలో పట్టుచీరల ప్రకటన వచ్చేదే, అదేదీ? ఆ ఆకుపచ్చ చీర కొట్లో చూపించి కొందామనేగా నిన్ను పంపమన్నది!"