మానమంటారు సరే, దేంతో?

"సిగరెట్ మానెయ్" అని చెప్పడానికి అందరూ ముందుంటారు. దేంతో మానాలి? పొగ తాగాలన్న తపన తగ్గించేందుకు చర్మానికి అంటించే నికోటిన్ ప్యాచ్ 8 నుంచి 12 వారాలు వాడాలి. రోజు కూలి మీద బతికే మనిషికి మూడో వారానికే డబ్బు చాలదు. ప్యాచ్ ఆగుతుంది, పొగ మళ్లీ మొదలవుతుంది. అప్పుడు "మనసు గట్టిగా లేదు" అని నింద! నిద్రలేచిన 30 నిమిషాల్లోపే కాల్చేవారికి 4 మి.గ్రా. నికోటిన్ గమ్ (నమిలే మందు) కావాలి, చేతిలో 2 మి.గ్రా. పెడితే ఆగుతుందా? మెల్లగా నమిలి, నోరు చురుక్కుమనగానే బుగ్గన పెట్టుకోవాలని ఎవరైనా చెప్పారా? గబగబా నమిలితే వెక్కిళ్లు, గుండెమంట. కౌన్సెలింగేమో పగటిపూటే. వెళ్తే ఆ రోజు కూలి పోయినట్టే! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే ఈ ప్యాచ్‌ని, గమ్‌ని అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది. వీధి వీధినా సిగరెట్ దొరుకుతున్నప్పుడు ప్యాచ్ ఎందుకు దొరకదు?